వయసు పైబడుతున్నా మెదడు చురుకు తగ్గకుండా: బెంగళూరు తెలుగు కుటుంబాలు ఏం చేయాలి, ఎలా చేయాలి

మదనపల్లె నుంచి మా అమ్మ బెంగళూరుకు, బనశంకరిలోని మా ఇంటికి వచ్చిన రెండో ఏడాది ఆమె వంటలో ఒక మార్పు కనిపించింది. పప్పుకు మూడు విజిళ్ళు రాగానే లేచి స్టవ్ ఆపే మనిషి, హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఆరేడు విజిళ్ళు వచ్చినా కదిలేది కాదు. అడిగితే "ఇంకా రెండే కదా" అనేది. ఒకసారి చెప్పిన మాటనే మళ్ళీ అడగడం, ఫోన్‌లో పిన్ని చెప్పిన ముహూర్తం తేదీని తప్పుగా చెప్పడం కూడా చూశాక, ఆమెకు మతిమరుపు మొదలైందని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నాము. ఎనిమిది నెలల తరువాత చెవుల డాక్టరు ఆమెను శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేయించినప్పుడు, కీచుమనే సన్నని శబ్దాలు ఆమెకు రెండు చెవుల్లోనూ సరిగా వినబడడం లేదని తేలింది. ఆమె విజిళ్ళ లెక్క మరిచిపోలేదు. వాటిలో సగం ఆమె దాకా చేరనే లేదు. ఆ ఎనిమిది నెలలూ ఆమెను విసుక్కున్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఈ వివరాలన్నీ, ఏది ముందు చేయాలో ఏది తరువాత చేయాలో ఆ వరుసలోనే రాస్తున్నాను.

ముందుగా ఏది వయసో, ఏది జబ్బో తెలుసుకోండి

మన మెదడు బరువు సుమారు 1.4 కిలోలు. శరీరం బరువులో అది 2 శాతమే అయినా, మన శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే ఖర్చవుతుంది. నలభై ఏళ్ళు దాటిన తరువాత మెదడు పరిమాణం పదేళ్ళకు సుమారు 5 శాతం చొప్పున తగ్గుతుందని అంచనా. నరాల కణాల మధ్య ఉండే అతుకులు పలచబడతాయి, లోపలి సన్నని రక్తనాళాలు గట్టిపడతాయి, కొత్త జ్ఞాపకాలను నమోదు చేసే హిప్పోక్యాంపస్ అనే భాగం కొంచెం కుంచించుకుపోతుంది. అందువల్ల వేగం తగ్గుతుంది, ఒకేసారి రెండు పనులు చేయడం కష్టమవుతుంది, తెలిసిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయి సాయంత్రం ఎప్పుడో గుర్తుకు వస్తుంది. పదసంపద, లోకజ్ఞానం, మంచిచెడుల అంచనా మాత్రం చాలామందిలో డెబ్బై ఏళ్ళ దాకా చెక్కుచెదరవు. ఇదంతా వయసు.

జబ్బు వేరు. కూరగాయలలో ఒకటి కొనడం మరిచి రావడం వయసు వల్ల జరుగుతుంది. నలభై ఏళ్ళుగా పెడుతున్న పులుసులో ముందు ఏది వేయాలో తోచక గరిట పట్టుకుని నిలబడిపోవడం అలా జరిగేది కాదు. రోజూ వెళ్ళే గుడి నుంచి ఇంటికి దారి తెలియకపోవడం, పెన్షన్ లెక్క చూసుకోలేకపోవడం, స్నానం, బట్టల విషయంలో పట్టింపు పోవడం, నెమ్మదస్తుడైన మనిషి ఉన్నట్టుండి అనుమానాలు పెంచుకోవడం వంటివి కొన్ని నెలలుగా పెరుగుతూ పోతుంటే డాక్టరుకు చూపించాలి. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (రోజువారీ పనులకు అడ్డుపడేంతగా జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినే జబ్బు) ఉన్నట్టు 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది.

డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్ జబ్బు. జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో వివరించిన ఆ జబ్బులో, మెదడులో పేరుకునే మాంసకృత్తుల గడ్డలు లక్షణాలు కనిపించడానికి 15, 20 ఏళ్ళ ముందే మొదలవుతాయని ఇప్పుడు తెలిసింది. కోలారు జిల్లాలోని మన శ్రీనివాసపురం వైపు పల్లెల్లో బెంగళూరు ఐఐఎస్‌సీలోని మెదడు పరిశోధన కేంద్రం చేస్తున్న దీర్ఘకాలిక అధ్యయనంలో 45 ఏళ్ళవారినుంచే, అదీ ఆరోగ్యంగా ఉన్నవారినే చేర్చుకోవడానికి కారణం అదే. కాబట్టి ఈ వ్యాసం మీ అమ్మానాన్నల కోసం చదువుతున్నా, నలభైల్లో, యాభైల్లో ఉన్న మీరూ ఇందులోని ప్రతి పనినీ మీ కోసం కూడా మొదలుపెట్టండి. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం, మనం మార్చుకోగల 14 కారణాలను జీవితమంతా అదుపులో పెట్టగలిగితే డిమెన్షియా కేసుల్లో సుమారు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని లెక్కగట్టింది. మిగిలిన సగం పైచిలుకు మన చేతుల్లో లేదు. కనుక ఎవరికైనా జబ్బు వస్తే అది వారి నిర్లక్ష్యం వల్లనే వచ్చిందని అనుకోవడం అన్యాయం.

మొదటి పని: బీపీ మిషను, ఒక నోటుపుస్తకం

మెదడుకు మందు ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే నేను ముందు బీపీ గురించే చెబుతాను. మధ్య వయసులో పెరిగి, ఏ నొప్పీ లేకుండా పదిహేనేళ్ళు అలాగే ఉండిపోయిన రక్తపోటు, మెదడు లోతుల్లోని వెంట్రుకంత నాళాలను ఒక్కొక్కటిగా మూసేస్తుంది. పక్షవాతం వచ్చిన రోజు అందరికీ తెలుస్తుంది గానీ, పైకి ఏమీ తెలియకుండా జరిగిపోయే చిన్న చిన్న నష్టాలు స్కాన్ తీసినప్పుడు తెల్లని మచ్చలుగా మాత్రమే కనిపిస్తాయి. అమెరికాలో 50 ఏళ్ళు దాటిన 9 వేల మందికి పైగా పాల్గొన్న ఒక పరీక్షలో, పై బీపీని 140 దగ్గర ఆపినవారికంటే 120 లోపుకు తెచ్చినవారిలో తేలికపాటి జ్ఞాపకశక్తి లోపం 19 శాతం తక్కువగా కనిపించిందని 2019లో ఫలితాలు వచ్చాయి. డిమెన్షియా విషయంలో అంత స్పష్టమైన తేడా తేలలేదు, అయినా బీపీని పట్టించుకోవడానికి ఈ కారణం చాలు. మీకు ఎంత ఉండాలో మీ డాక్టరే నిర్ణయించాలి. పెద్దవారిలో మరీ తగ్గిస్తే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంటుంది.

ఇంట్లో చూసే పద్ధతి ఇది. మోచేతి పైభాగానికి పట్టీ కట్టే మిషను కొనండి. మణికట్టుకు కట్టేవి అంత నమ్మదగినవి కావు. కాఫీ తాగిన అరగంట లోపు చూడకండి. వీపు ఆనించి, రెండు పాదాలూ నేలమీద పెట్టి, చేతిని గుండె ఎత్తున బల్ల మీద ఉంచి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్న తరువాత ఒకసారి, నిమిషం ఆగి మరోసారి చూడాలి. అలా ఉదయం, సాయంత్రం వారం రోజులు చూసి, మొదటి రోజు అంకెలను వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో చూసిన సగటులో పై అంకె 135 గానీ, కింది అంకె 85 గానీ దాటితే డాక్టరుకు చూపించవలసిందే. మాత్ర మొదలుపెట్టాక "బీపీ నార్మల్‌కు వచ్చింది" అని మానేసేవారు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. మాత్ర వేసుకుంటున్నందువల్లనే అది నార్మల్‌గా ఉందన్న సంగతిని వారికి ఓపికగా, అవసరమైతే పదిసార్లయినా చెప్పండి.

రక్త పరీక్ష చేయించేటప్పుడు మూడు నెలల సగటు షుగరు, ఎల్‌డీఎల్ అనే చెడు కొవ్వు, థైరాయిడ్, విటమిన్ బీ12 కూడా చూపించండి. మాంసాహారం ముట్టనివారిలోను, షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడుతున్నవారిలోను బీ12 తగ్గడం సాధారణం. ఆ లోపం వల్ల వచ్చే మతిమరుపును సకాలంలో గుర్తిస్తే చవకైన ఇంజెక్షన్లతో, మాత్రలతో సరిచేయవచ్చు.

చెవులు, కళ్ళు

లాన్సెట్ సంఘం చెప్పిన 14 కారణాలలో అన్నిటికంటే ఎక్కువ వాటా రెండింటిది: ఒకటి ఎల్‌డీఎల్ కొవ్వు, రెండోది వినికిడి లోపం, ఒక్కొక్కటి 7 శాతం. సరిగా వినబడని మనిషి మెదడు ప్రతి మాటనూ ఊహించి పూరించుకోవడానికే అలసిపోతుంది, ఆ తరువాత గుర్తుపెట్టుకోవడానికి దానికి ఓపిక మిగలదు. నలుగురిలో కూర్చున్నా ఏమీ అందదు గనుక ఆ మనిషి మెల్లగా గదిలోకి వెళ్ళిపోతాడు, మనుషులు దూరమవుతారు, మెదడుకు పని ఇంకా తగ్గిపోతుంది.

అరవై దాటిన ప్రతివారికీ ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి. ముందుగా చెవిలో గుబిలి ఉందేమో డాక్టరుతో చూపించి తీయించాలి. పిన్నీసులతో, వేడి నూనెతో ఇంట్లో ప్రయత్నించకూడదు. చెవి మిషను రాసిస్తే అసలు కష్టం అక్కడినుంచి మొదలవుతుంది, ఎందుకంటే చాలా మిషన్లు కొద్ది రోజులకే బీరువాలోకి చేరతాయి. చాలాకాలంగా వినని శబ్దాలన్నీ ఒక్కసారిగా వచ్చి పడితే ఫ్యాను చప్పుడు, గిన్నెల మోత కూడా భరించలేనట్టు అనిపిస్తాయి. మా అమ్మ మొదటి వారం ఉదయం పూట, టీవీ లేని సమయంలో, గంట మాత్రమే పెట్టుకుంది. రెండో వారం టీవీతో, మూడో వారం మెట్ల దగ్గర పక్కింటివారితో మాటలకు, నెల దాటాక గాంధీబజారుకు. ఈ మధ్యలో రెండుసార్లు వెళ్ళి శబ్దం సరిచేయించుకున్నాము. మీరు కూడా ఎదురుగా కూర్చుని, మొహం కనబడేలా, అరవకుండా, కాస్త నిదానంగా మాట్లాడాలి; అరుపు వల్ల మాట మరింత చెదిరిపోతుంది.

977 మంది పెద్దలతో మూడేళ్ళు నడిచిన ఒక అమెరికా పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. అందరినీ కలిపి చూస్తే చెవి మిషను వల్ల పెద్ద తేడా కనిపించలేదు; గుండె జబ్బులు, ఇతర ప్రమాద కారణాలు ఎక్కువగా ఉన్న వర్గంలో మాత్రం మెదడు చురుకు తగ్గే వేగం 48 శాతం మందగించింది. బీపీ, షుగరు ఉన్న పెద్దలు మన ఇళ్ళలో ఎందరు ఉన్నారో మీకు తెలుసు.

కళ్ళలో శుక్లాలు ఉంటే ఆపరేషన్ వాయిదా వేయకండి. చూపు లోపం కూడా ఆ 14 కారణాలలో ఒకటి.

నడక

2011లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 55 నుంచి 80 ఏళ్ళ మధ్య ఉన్న 120 మందిని రెండుగా విభజించి, ఒక వర్గం చేత వారానికి మూడు రోజులు 40 నిమిషాల చొప్పున చురుకైన నడక, రెండో వర్గం చేత ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు ఏడాదిపాటు చేయించారు. నడిచినవారిలో హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది, రెండో వర్గంలో 1.4 శాతం తగ్గింది. ఏడాదికి ఒకటి రెండు శాతం చొప్పున తగ్గుతూ వచ్చే భాగం అలా తిరిగి పెరగడం చిన్న విషయం కాదు.

వారానికి 150 నిమిషాలు లక్ష్యంగా పెట్టుకోండి. నడుస్తూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. బెంగళూరు ఫుట్‌పాత్‌ల మీద లేచిపోయిన రాతి పలకలు, బండ్లు దాటుకుంటూ నడవడం పెద్దవారికి క్షేమం కాదు, పైగా ట్రాఫిక్ పొగ కూడా మెదడుకు హాని చేసే కారణాల జాబితాలో ఉంది. దగ్గరుంటే లాల్‌బాగ్‌కో, శాంకీ చెరువు గట్టుకో, లేకపోతే మీ వార్డు పార్కుకో పొద్దున్నే తీసుకువెళ్ళండి. వారానికి రెండు మూడు రోజులు చేతులతో ఆనుకోకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, వంటగది గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది సెకండ్లు నిలబడడం చేయించండి. పడిపోకుండా ఉండడానికి ఈ రెండూ ఎంతో పనికివస్తాయి.

తలకు దెబ్బ తగలడం మెదడు వృద్ధాప్యాన్ని ముందుకు తెస్తుంది కాబట్టి స్కూటరు మీద వెనక కూర్చున్నవారూ హెల్మెట్ పెట్టుకోవాలి, స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీ బిగించాలి. పెద్దవారు ఎక్కడైనా చిన్నగా తల తగిలించుకుని, రెండు మూడు వారాల తరువాత మందకొడిగా, అయోమయంగా మారితే పుర్రె కింద రక్తం పేరుకుని ఉండవచ్చు. సీటీ స్కాన్‌లో అది బయటపడుతుంది, వైద్యంతో చాలావరకు బాగవుతుంది.

నిద్ర

గాఢ నిద్రలో ఉన్నప్పుడు మెదడు చుట్టూ ఉండే ద్రవం కణాల మధ్య ప్రవహించి పగలంతా పేరుకున్న వ్యర్థాలను కడిగివేస్తుందని 2013లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపించాయి. బ్రిటన్‌లో దాదాపు 8 వేల మంది ఉద్యోగులను దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనంలో, 50, 60, 70 ఏళ్ళ వయసుల్లో ఎప్పుడూ ఆరు గంటలకు మించి నిద్రపోనివారిలో డిమెన్షియా ప్రమాదం సుమారు 30 శాతం ఎక్కువగా కనిపించింది. రాత్రి పదకొండు దాకా అమెరికా కాల్స్‌లో ఉండి, పొద్దున ఐదున్నరకే పిల్లల స్కూలు బస్సు కోసం లేచే మీరు ఈ వాక్యాన్ని మరోసారి చదవండి. గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటే దానికి పరీక్ష ఉంది, చికిత్స ఉంది. ఏళ్ళుగా వాడుతున్న నిద్రమాత్రలు, మత్తు కలిగించే పాతకాలపు జలుబు మాత్రలు పెద్దవారిలో మతిమరుపును తెచ్చిపెడతాయి. వాటిని సొంతంగా ఒక్కసారిగా ఆపకుండా, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మనుషులు, మాటలు

ఊళ్ళో మా అమ్మకు అరుగు ఉండేది. పాలవాడు, పూలావిడ, ఎదురింటి టీచరుగారు, గుడికి వెళ్ళివచ్చేవారు అందరూ ఆగి పలకరించేవారు; రోజుకు ముప్పై మందితో, ముప్పై విషయాలు మాట్లాడేది. బెంగళూరులో నాలుగో అంతస్తు ఫ్లాటులో, మేము ఆఫీసులకు వెళ్ళాక, సాయంత్రం ఆరు దాకా ఆమెతో మాట్లాడేది టీవీ ఒక్కటే. పెద్దవారిని సుఖపెడుతున్నామని అనుకుంటూ మనం చేసే అతి పెద్ద పొరపాటు, వారి చేతిలోని పనులన్నీ తీసేసుకుని "మీరు రెస్ట్ తీసుకోండి" అనడమే.

వారికి నిజమైన బాధ్యత ఒకటి అప్పగించండి. కూరగాయలు వారే వెళ్ళి కొని, డబ్బు లెక్క వారే చూడనివ్వండి. మనవలకు తెలుగు అక్షరాలు దిద్దించే పని వారిదే చేయండి. బెంగళూరులో పుట్టిన పిల్లలకు అది ఎలాగూ అవసరం. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి వంటి చోట్ల కార్యక్రమాలు ఉన్నప్పుడు తీసుకువెళ్ళండి. అపార్టుమెంటులో సహస్రనామ పారాయణం జరిగితే నెలకొకసారైనా మీ ఇంట్లో పెట్టించండి.

భాష విషయం కొంచెం వివరంగా చెప్పాలి. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాదులో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క భాషే మాట్లాడేవారికంటే రెండు అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు కనిపించింది. బడికి వెళ్ళనివారిలోనూ ఆ తేడా ఉంది. వారు జీవితమంతా రెండు భాషల్లో బతికినవారు కనుక, అరవై ఐదేళ్ళకు కొత్తగా నేర్చుకున్నా అంతే ఫలితం వస్తుందని నేను చెప్పను. అయినా కన్నడం నేర్చుకోమని తప్పక చెబుతాను. తెలుగు చదవగలిగినవారికి కన్నడ లిపి సగం వచ్చినట్టే. బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు కూడబలుక్కుని చదువుతూ కొన్ని వారాల్లో పట్టుకోవచ్చు. భాష వస్తే పార్కు బెంచీ మీద పక్కన కూర్చున్నావిడ స్నేహితురాలవుతుంది. ఇప్పటికే బాగా వచ్చిన గళ్ళ నుడికట్టును రోజూ పూరించడం కంటే, కొంచెం కష్టపెట్టే కొత్త విద్య, అదీ మనుషులతో కలిసి నేర్చుకునేది, మేలని నా అభిప్రాయం.

భాగస్వామిని పోగొట్టుకున్న తరువాత మాట తగ్గి, ఆకలి తగ్గి, "ఏమో, గుర్తులేదు" అనడం ఎక్కువైతే అది దిగులు జబ్బు (డిప్రెషన్) కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ అయిన టెలిమానస్ వారు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

తిండి, మందులు

దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక చిన్న చెంచా. ఊరగాయ, అప్పడం, వడియాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. తెల్లన్నం తగ్గించి రాగిసంగటి, పప్పులు, ఆకుకూరలు, వేరుశనగపప్పు పెంచండి. పొగాకు ఏ రూపంలోనైనా మానాలి, మద్యం తగ్గించాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి డిమెన్షియా రాకుండా ఆపుతుందని రుజువైన మాత్ర గానీ, టానిక్కు గానీ ఇంతవరకు లేదు. జ్ఞాపకశక్తికని విస్తారంగా అమ్ముడయ్యే గింకో అనే చెట్టు ఆకుల సారాన్ని 3 వేల మందికి పైగా పెద్దవారికి ఏళ్ళ తరబడి ఇచ్చి చూశారు. డిమెన్షియా ఏమీ తగ్గలేదని 2008లో తేలింది.

డాక్టరు దగ్గరకు వెళ్ళే రోజు

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడడం ఉన్నట్టుండి జరిగితే వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటల వ్యవధి మాత్రమే ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి పూర్తిగా అయోమయంలో పడితే అది డిమెన్షియా కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం వంటివి కారణం కావచ్చు కాబట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

నెమ్మదిగా పెరుగుతున్న మతిమరుపుకు న్యూరాలజిస్టు దగ్గరకు గానీ, హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఆసుపత్రికి గానీ వెళ్ళవచ్చు. మార్పు ఎప్పుడు మొదలైందో, ఏయే పనుల్లో కనిపించిందో ఒక పేజీలో తేదీలతో రాసి పెట్టుకోండి. వాడుతున్న మాత్రలన్నీ, పాత స్కాన్లు, బీపీ నోటుపుస్తకం ఒక సంచిలో వేసుకోండి. కళ్ళద్దాలు, చెవి మిషను పెట్టించే తీసుకువెళ్ళండి, లేకపోతే చూపు లోపం, వినికిడి లోపం జ్ఞాపకశక్తి లోపంగా నమోదవుతాయి. పరీక్ష తెలుగులో పెట్టమని తప్పక అడగండి. డాక్టర్లు సాధారణంగా వాడే 30 మార్కుల మోకా పరీక్షకు తెలుగు రూపం ఉంది. అలవాటు లేని కన్నడంలోనో, ఇంగ్లీషులోనో అడిగితే చురుకైన మనిషికి కూడా మార్కులు తగ్గుతాయి. ఎంతవరకు చదువుకున్నారో కూడా డాక్టరుకు చెప్పాలి. తోడుగా వారితో రోజంతా గడిపే మనిషి వెళ్ళడం మంచిది, ఆదివారాలు మాత్రమే చూసే కొడుకో కూతురో కాదు.

జబ్బు ఉందని తేలితే, వారికి ఇంకా నిర్ణయాలు తీసుకునే శక్తి ఉండగానే బ్యాంకు నామినీలు, ఆస్తి పత్రాలు వారి ఇష్టప్రకారం సరిచేయించండి. పెద్దవారి సమస్యలకు సాయం చేసే 14567 నంబరును ఫోన్‌లో దాచుకోండి. ఇంకొక చిన్న పని ఆ రోజే చేయండి. ఒక అట్టముక్క మీద పేరు, అపార్టుమెంటు పేరు, ఫ్లాటు నంబరు, పక్కనున్న గుడి పేరు, మీ ఇద్దరి ఫోన్ నంబర్లు ఒకవైపు తెలుగులో, రెండోవైపు కన్నడంలో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, వారు ఎప్పుడూ తీసుకువెళ్ళే సంచికి లోపలివైపు కుట్టండి. వారు దారి తప్పితే ఇంటికి చేర్చేది ఒక ఆటో డ్రైవరో, పూలు అమ్మే ఆవిడో కావచ్చు. ఆ కన్నడ అక్షరాలు వారి కోసం.